గృహ సర్వరు స్తంభనము

ఇంటిలో ఒక మూల నుండి, రేయింబవళ్లు విశ్రాంతి లేక నడచుచు, కుటుంబమువారి ఛాయాచిత్రములను, వీడియోలను, జమాఖర్చులను, అవసరమగు పత్రముల ప్రతులను భద్రపరచి, ఇంటిలోని ఫోనులకును, టీవీలకును, ఇతర కంప్యూటర్లకును కోరినప్పుడెల్ల అందించునట్టి యంత్రమునకు గృహ సర్వరు అని పేరు. వాడి విడిచిన డెస్క్‌టాపు కంప్యూటరైనను, 2012లో తొలిసారి వెలువడిన రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డైనను, రెండు మూడు హార్డు డిస్కులు పట్టు నాస్ పెట్టెయైనను ఈ పనికి చాలును. వీనిలో పెక్కింటిపై లినక్సు గాని, ఫ్రీబీఎస్‌డీ గాని నడచుచుండును. ఇట్టి యంత్రము ముందస్తు సూచన యేదియు నీయక హఠాత్తుగా నిలిచిపోవుటను స్తంభనమనవచ్చును. వాడుకలో హ్యాంగు అయినదని చెప్పుదురు. ఫ్యానులు తిరుగుచునే యుండును, దీపములు వెలుగుచునే యుండును, తెర యున్నచో దానిపై చివరి దృశ్యము కదలక నిలిచియుండును. కాని కీబోర్డు మీటలకు గాని, నెట్‌వర్కు పిలుపునకు గాని బదులు రాదు. బటను నొక్కిపట్టి ఆపి మరల వెలిగించినచో ఏమియు జరుగనట్లే పని ప్రారంభించును. పది దినములకో, ఇరువది దినములకో మరల అదియే జరుగును.

ఈ లోపమును శోధించుట యేల కష్టమో ముందుగా గ్రహింపవలెను. కంప్యూటరు తనకు గలిగిన ప్రతి ఇబ్బందిని లాగు ఫైలులో వ్రాసికొనునని మనము నమ్ముదుము. సామాన్య లోపముల విషయమున అది నిజము. కాని ఒక వాక్యము లాగు ఫైలునకు చేరవలెనన్నచో ప్రాసెసరు నడువవలెను, ఆపరేటింగ్ సిస్టమునకు హృదయమగు కెర్నెలు దానిని మెమొరీలో కూర్పవలెను, ఫైలు వ్యవస్థ దానిని స్వీకరింపవలెను, డిస్కు దానిని నిజముగా లిఖింపవలెను. ఈ గొలుసులో ఏ కడియము తెగినను ఆ వాక్యము మెమొరీలోనే యుండి, విద్యుత్తు ఆపిన క్షణముననే నశించును. అందుచేత స్తంభించిన సర్వరు లాగును తెరచి చూచువానికి అర్ధరాత్రి వేళ ఏదో నిత్యకృత్యము సక్రమముగా ముగిసినదను పంక్తియు, దాని క్రిందనే మరునాటి ఉదయపు పునఃప్రారంభమును తెలుపు పంక్తియు మాత్రమే కానవచ్చును. లాగులో దోషము లేదు గనుక యంత్రములో దోషము లేదనుకొనుట గాని, ఆ చివరి పంక్తిలో పేర్కొనబడిన పనియే దోషియని నిశ్చయించుట గాని రెండును పొరపాటులే. తోచిన విడిభాగమునెల్ల కొని మార్చుచు పోవుటకంటె, యంత్రము నిలిచిపోయినను నశింపని సాక్ష్యమును యంత్రము వెలుపల నేర్పరచుకొనుట ఈ శోధనలో ప్రథమ కర్తవ్యము.

నిజమైన స్తంభనము, ఆభాస స్తంభనము

నిలిచిపోయినవని కనబడు యంత్రములన్నియు నిజముగా నిలిచిపోయినవి కావు; కొన్నింటిది ఆభాస స్తంభనము మాత్రమే. కావున బటను నొక్కుటకు ముందు రెండు నిమిషములు వెచ్చించి యంత్రము ఏ మేరకు మృతమైనదో పరీక్షింపవలెను. ఆ రెండు నిమిషములలో లభించు జ్ఞానము తరువాతి వారము దినముల శ్రమకంటె విలువైనది. మొదట వేరొక కంప్యూటరు నుండి పింగు పంపవలెను. పింగునకు బదులిచ్చు పని కెర్నెలే స్వయముగా నిర్వహించును గావున, పింగునకు బదులు వచ్చుచు, లాగిను మాత్రము కాకున్నచో, కెర్నెలు సజీవముగానే యున్నదనియు, మెమొరీ చాలకనో, డిస్కు బదులీయకనో తక్కిన ప్రోగ్రాములన్నియు వేచియున్నవనియు తెలియును. పింగు రానప్పుడు కీబోర్డుపై క్యాప్స్‌లాకు మీట నొక్కి చూడవలెను. దాని దీపము వెలిగి ఆరుచున్నచో యంత్రము బ్రతికియున్నది, నెట్‌వర్కు కార్డే మూర్ఛిల్లినది. ఇంటెల్ సంస్థవారి కొన్ని గిగాబిట్ నెట్‌వర్కు చిప్పులు, లినక్సులోని ఈ1000ఈ డ్రైవరు క్రింద, అధిక రద్దీ వేళ ఇట్లు నిలిచిపోవుట ప్రసిద్ధము. ప్యాకెట్లను ఖండించు పనిని కార్డునకు అప్పగింపక ప్రాసెసరుకే వదలిన యెడల పెక్కు సందర్భములలో ఆ బాధ తొలగును. తెరయు కీబోర్డును లేని సర్వరులో ఈ స్థితిని సంపూర్ణ స్తంభనమునుండి వేరుపరచుట కష్టము గనుక, అటక మీది పాత మానిటరును, కీబోర్డును కొన్నాళ్లు దానికి తగిలించి యుంచుట మేలు. తెర తనంత తాను నల్లబడకుండ కెర్నెలునకు ముందే ఆదేశమిచ్చినచో, చివరి క్షణమున ముద్రితమైన వాక్యములను ఫోనుతో ఛాయాచిత్రము తీసికొనవచ్చును.

క్యాప్స్‌లాకు దీపము మనము తాకకయే లయబద్ధముగా మిణుకుచున్నచో అది కెర్నెల్ ప్యానిక్. అనగా కెర్నెలు తన లోపమును తానే గుర్తించి ఆగినది. దీపము ఏమియు చలింపనిచో, ఆల్ట్, సిస్‌రిక్యూ మీటలతో కూడ ఆర్, ఈ, ఐ, ఎస్, యూ, బీ అక్షరములను వరుసగా, నడుమ కొంత వ్యవధి నిచ్చుచు నొక్కి చూడవలెను. కెర్నెలు లేశమాత్రము స్పృహతో నున్నను డిస్కులోనికి వ్రాయవలసినది వ్రాసి పునఃప్రారంభమగును. అనేక లినక్సు పంపిణీలలో ఈ సౌకర్యము పాక్షికముగా నిరోధింపబడి యుండును గావున ముందుగానే దానిని అనుమతించి యుంచవలెను. దీనికిని బదులు రానిచో అది సంపూర్ణ స్తంభనము.

సాక్ష్యములను నిలుపుట

సాక్ష్యసాధనములలో అత్యంత సులభమైనది లాగులను మరియొక యంత్రమునకు పంపుట. అంతకంటె బలవత్తరమైనది నెట్‌కన్సోలు. సామాన్యమగు లాగు ప్రసారమునకు ఒక ప్రోగ్రాము నడువవలసి యుండగా, నెట్‌కన్సోలు కెర్నెలులోనే యుండి, డిస్కుతో గాని ఇతర ప్రోగ్రాములతో గాని పని లేక, తన వాక్యములను యూడీపీ ప్యాకెట్లుగా, మామూలుగా 6666వ పోర్టునకు, నేరుగా నెట్‌వర్కు కార్డు ద్వారా విసరును. ఆవలి వైపు ఒక పాత ల్యాప్‌టాపో, రాస్ప్‌బెర్రీ పైయో వానిని పట్టి ఫైలులో చేర్చుకొనుచుండిన చాలును. ఇందు రెండు మెలకువలు పాటింపవలెను. సర్వరు తీగతో కలుపబడి యుండవలెను, వైఫైపై ఇది నమ్మదగినది కాదు. కెర్నెలు వాక్యముల స్థాయిని గరిష్ఠమునకు పెంచవలెను, లేనియెడల అతి ముఖ్యమైనవి తప్ప తక్కినవి బయటికి రావు. ఈ రెండవ మెలకువ నెరుగక నెట్‌కన్సోలు పనిచేయలేదని విడిచిపెట్టినవారు పలువురు. బోర్డుపై సీరియల్ పోర్టు మిగిలియున్న పాత యంత్రములలో సెకనుకు 1,15,200 బిట్ల వేగముతో దాని ద్వారానే ఈ పని జరుపవచ్చును. అది నెట్‌కన్సోలుకంటెను నమ్మదగిన మార్గము.

దీనితోపాటు, చిక్కుబడినప్పుడు మౌనముగా నుండక నోరు విప్పునట్లు కెర్నెలును సిద్ధపరుపవలెను. ఒక ప్రాసెసరు కోరు 20 సెకన్లు ఒకే పనిలో చిక్కుకొని ఇతరులకు అవకాశమీయనిచో లినక్సు దానిని సాఫ్ట్ లాకప్ అని ప్రకటించును. అంతరాయములను సైతము స్వీకరింపక సుమారు 10 సెకన్లు గడచినచో హార్డ్ లాకప్ అనును. ఒక పని డిస్కు కొరకు 120 సెకన్లు వేచియున్నచో ఆ సంగతియు తెలుపును. లాకప్‌లు కనబడగానే ప్యానిక్ కావలెననియు, ప్యానిక్ తరువాత పది సెకన్లకు పునఃప్రారంభము కావలెననియు ఆదేశించినచో, మూగ స్తంభనము మాటలాడు ప్యానిక్‌గా మారును. పీస్టోరు అను ఏర్పాటు ఆ చివరి మాటలను బోర్డులోని ఫర్మ్‌వేరు మెమొరీలో దాచి, తదుపరి ప్రారంభమున అందించును. కేడంపు అనునది ముందుగా వేరుపరచిన మెమొరీలో రెండవ కెర్నెలు నుంచి, మొదటిది కూలినప్పుడు దాని మెమొరీ నంతయు నకలు తీయును.

ఇన్ని చేసినను కొన్ని పర్యాయములు నెట్‌కన్సోలున ఒక్క అక్షరమైనను రాదు. ఇది నిరాశ పడవలసిన విషయము కాదు. కెర్నెలునకు లాకప్‌ను గుర్తించు వ్యవధి గూడ లేక ప్రాసెసరు గాని, పీసీఐ మార్గము గాని అకస్మాత్తుగా బిగుసుకొన్నదని ఆ మౌనము తెలుపుచున్నది. అప్పుడు సాఫ్ట్‌వేరును చాలవరకు నిర్దోషిగా విడిచి, విద్యుత్తు, మెమొరీ, ప్రాసెసరుల వైపు దృష్టి మరల్చవలెను.

కారణములు

సంపూర్ణ స్తంభనమునకు కారణముగా మొదట అనుమానింపవలసినది పవర్ సప్లై. ఏటీఎక్స్ ప్రమాణము ననుసరించి 12 వోల్టుల మార్గము 5 శాతము హెచ్చుతగ్గులకు లోబడి, అనగా 11.4 నుండి 12.6 వోల్టుల నడుమ నుండవలెను. మల్టీమీటరుతో కొలిచి సరిగానే యున్నదని తృప్తిపడుట యుక్తము కాదు. మల్టీమీటరు సగటును చూపును గాని, డిస్కులన్నియు ఒక్కసారి తిరుగ మొదలిడునప్పుడు మైక్రోసెకన్ల కాలము కలుగు పతనమును చూపదు. నమ్మదగిన మరియొక సప్లైని తెచ్చి తగిలించుటయే సరియగు పరీక్ష. అందలి ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్ల ఆయుర్దాయము ప్రతి 10 డిగ్రీల వేడికి ఇంచుమించు సగమగునని ఇంజనీర్లు లెక్కింతురు గనుక, అయిదారేండ్లు ఎడతెగక నడచిన సప్లై పైకి బాగుగా కనబడినను వృద్ధమైనదనియే భావింపవలెను. 2000 ప్రాంతమున దోషయుక్తమైన ద్రవముతో తయారైన కెపాసిటర్లు లక్షలాది బోర్డులను చెరచినవి; నేటికిని పాత యంత్రపు మూత తీసి చూచినప్పుడు, ప్రాసెసరు చుట్టునున్న చిన్న స్థూపముల నెత్తి చదునుగా నుండక ఉబ్బియున్నను, దానిపైని గాటు చీలి గోధుమరంగు పొక్కు కట్టియున్నను ఇక వేరు విచారణ అనవసరము. మన ఇండ్లలో ఇన్వర్టరు మీద సర్వరును నడపువారు దానిని సాధారణ పద్ధతిలో గాక యూపీఎస్ పద్ధతిలో నుంచవలెను. కరెంటు పోయినప్పుడు మార్పిడికి పట్టు కాలము కంప్యూటరు సప్లై ఓర్చుకొనగల 16, 17 మిల్లీసెకన్లను మించరాదు. రాస్ప్‌బెర్రీ పై బోర్డులలో వోల్టేజి 4.63 కంటె తగ్గినచో బోర్డే హెచ్చరించును. ఆ హెచ్చరికను ఉపేక్షించి ఫోను ఛార్జరుతోను, సన్నని తీగతోను నడపుట పెక్కు స్తంభనములకు మూలము.

ఉష్ణమును గూర్చి ఒక భ్రమ వ్యాపించియున్నది. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటునప్పుడు సర్వరు నిలిచిపోయినచో ప్రాసెసరు వేడెక్కినదనియే అందరును తలంతురు. కాని నేటి ప్రాసెసర్లు తమ్ము తామే రక్షించుకొనును. 100 డిగ్రీల ప్రాంతమున వేగము తగ్గించుకొని, అదియు చాలనిచో విద్యుత్తునే త్రెంచివేయును. అందుచేత ఫ్యాను తిరుగుచుండగనే కలుగు స్తంభనమునకు ప్రాసెసరు వేడి ఒక్కటే కారణమగుట అరుదు. అట్టి రక్షణ లేని, లేక దుర్బలముగా నున్న భాగములు వేరు కలవు: డిస్కులను కలుపు హెచ్‌బీఏ కార్డులు పెద్ద సర్వరుల పెనుగాలిని ఉద్దేశించి నిర్మింపబడినవి కాగా, నిశ్శబ్దమైన ఇంటి పెట్టెలో వానికి గాలి సోకదు, బోర్డుపైని వోల్టేజి నియంత్రకములును, ఎన్‌వీఎంఈ డిస్కులును అట్టివే. ఒక చిన్న ఫ్యానును ఆ కార్డు వైపు త్రిప్పి చూచుట ఖర్చులేని పరీక్ష.

మెమొరీ దోషమునకు పరీక్ష సుపరిచితము. 1994లో క్రిస్ బ్రేడీ రచించిన మెమ్‌టెస్ట్86, దాని నుండి 2004లో వెలసిన మెమ్‌టెస్ట్86 ప్లస్, ఇవి ఆపరేటింగ్ సిస్టము లేకయే నడచి ర్యాములోని ప్రతి స్థానమును తడవి చూచును. ఒక రాత్రి యంతయు నడపి ఒక్క తప్పు వచ్చినను ఆ ర్యాము పనికిరాదు. తప్పు రాకున్నను అది నిర్దోషియని పూర్తిగా చెప్పలేము. గూగుల్ సంస్థ సర్వరులపై జరిగి 2009లో వెలువడిన అధ్యయనమున ఒక సంవత్సర కాలములో నూటికి ఎనిమిదికి పైగా మెమొరీ మాడ్యూళ్లలో దోషములు కనబడినవి. అవి యాదృచ్ఛికముగా కలిగి మాయమగునవి గాక, ఎక్కువగా శాశ్వత దోషములని తేలినది. రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించిన దోషసవరణ సూత్రములపై ఆధారపడిన ఈసీసీ మెమొరీ ఒక బిట్టు తప్పును సవరించి, రెండు బిట్ల తప్పును కనిపెట్టి చెప్పును. ఇంటి సర్వరునకు అది అధికవ్యయమని పలువురు వాదింతురు. ఈ వ్యాసకర్త మతమున, ఏండ్ల తరబడి నిలుపదలచిన కుటుంబ చిత్రములకు ఆ వ్యయము తగినదే. ఈసీసీ లేనివారు కనీసము ఎక్స్‌ఎంపీ అను వేగవర్ధక ఏర్పాటును తీసివేసి, ర్యామును దాని సహజ వేగమున నడపవలెను.

పని లేనప్పుడు కలుగు స్తంభనములు

గృహ సర్వరుకు విశేషముగా సంబంధించిన స్తంభనము పని ఎక్కువైనప్పుడు గాక, పని లేనప్పుడు కలుగును. ఇంటి సర్వరు దినములో అధికభాగము ఊరక యుండును. ఊరక యున్నప్పుడు ప్రాసెసరు విద్యుత్తును పొదుపు చేయుటకై సీ-స్థితులు అను క్రమక్రమముగ గాఢమగు నిద్రావస్థలలోనికి దిగును. ఆ నిద్రనుండి మేల్కొనలేకపోవుటయే ఈ జాతి దోషము. ఒత్తిడి పరీక్షలు ఎన్ని జరిపినను యంత్రము చలింపదు, ఏలన ఒత్తిడిలో అది నిద్రింపదు. పరీక్ష నెగ్గినదని సంతోషించి యజమాని నిద్రించిన రాత్రియే అది నిలిచిపోవును. 2013లో ఇంటెల్ విడుదల చేసిన బే ట్రెయిల్ జాతి ప్రాసెసర్లు, ముఖ్యముగా చవుకయై ఫ్యాను లేక నడచుటచే ఇంటి సర్వరులలో విరివిగా చేరిన జే1900, లినక్సు క్రింద ఇట్లే స్తంభించుచుండెను. కెర్నెలునకు నిద్రాస్థితిని ఒకటవ మెట్టునకు పరిమితము చేయుమని ఆదేశించుటయే చిరకాలము ఉపాయముగా నుండెను. 2017లో వచ్చిన ఏఎండీ రైజెన్ తొలి తరమునందును ఇదే రీతి కనబడినది. అచట గాఢనిద్రలో ప్రాసెసరు తీసికొను విద్యుత్తు మిక్కిలి తగ్గుటతో కొన్ని పవర్ సప్లైలు నిలకడ తప్పుచుండెను; బోర్డు ఫర్మ్‌వేరగు బయాసులో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనుదానిని టిపికల్ కరెంట్ ఐడిల్ అని మార్చినచో ఆ బాధ చాలవరకు తీరును.

ఏఎండీవారి రెండవ తరము ఎపిక్ ప్రాసెసర్లలో, చివరిసారి ప్రారంభించిన సుమారు 1,044 దినముల తరువాత ఒక కోరు గాఢనిద్రనుండి లేవక నిలిచిపోవునను దోషమును తయారీదారే 2023లో పత్రబద్ధము చేసెను. గడియారపు గణితముతో ముడిపడిన స్తంభనములు అంతకు పూర్వమును లేకపోలేదు. విండోస్ 95, 98 వ్యవస్థలలో మిల్లీసెకన్లను లెక్కించు 32 బిట్ల గణకము 4,29,49,67,296కు చేరి సున్నకు మరలగనే, అనగా 49.7 దినములకు, యంత్రము నిలిచిపోవుచుండెను. స్తంభనముల నడుమ వ్యవధి మార్పులేక ఒకటియే యైనచో ఇట్టి గణకమును అనుమానించుట సహేతుకము.

ప్రాసెసరు దోషము క్రమముగా ముదురు సందర్భములును గలవు. 2013 నాటి ఇంటెల్ ఆటమ్ సీ2000 చిప్పులు నాస్ పెట్టెలలో విస్తారముగా వాడబడినవి. వానిలోని ఒక గడియార సంకేతము కాలక్రమమున క్షీణించి, యంత్రము ఇక లేవనే లేవదని 2017లో వెల్లడియైనది. ఇంటెల్ 13, 14వ తరముల డెస్క్‌టాపు ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజిచే లోలోపల చెడి అస్థిరములగుచున్నవని 2024లో తేలగా, ఆ సంవత్సరము ఆగస్టు, సెప్టెంబరు నెలలలో మైక్రోకోడు సవరణలు వచ్చినవి. ఆ సవరణ చెడనిదానిని కాపాడును గాని చెడినదానిని బాగుచేయజాలదు. కావున శోధకుడు తన చిప్పు పేరును, బోర్డు బయాసు తేదీని ముందుగా చూచుకొని, తయారీదారు ప్రకటించిన దోషపట్టికను చదువుట మిగుల లాభదాయకము.

డిస్కు, మెమొరీ కొరత

డిస్కు దోషములు సామాన్యముగా ఆభాస స్తంభనములను కలిగించును. డిస్కు చదువజాలని భాగమునకై మరల మరల యత్నించుచుండగా లినక్సు 30 సెకన్లు వేచి, ఆపై ఆ మార్గమునే తిరిగి ప్రారంభించును. నాస్ డిస్కులు మాత్రము ఏడెనిమిది సెకన్లలో ఓటమిని అంగీకరించి సంగతి తెలుపునట్లు రూపొందింపబడినవి. డిస్కు తన స్థితిని తానే నమోదు చేసికొను స్మార్టు పట్టికలో 197వ అంశము, అనగా చదువబడక వేచియున్న భాగముల సంఖ్య పెరుగుచున్నచో డిస్కును మార్చవలెను. 199వ అంశమగు సీఆర్‌సీ తప్పుల సంఖ్య పెరుగుచున్నచో డిస్కును గాక సాటా కేబులును మార్చవలెను. ఈ భేదము నెరుగక మంచి డిస్కులను పారవేసినవారు కలరు.

మెమొరీ చాలనప్పుడు యంత్రము మెమొరీ పుటలను డిస్కునకు పంపుటయందును, మరల తెచ్చుటయందునే కాలమంతయు వెచ్చించి, అసలు పనిని మరచును. ఈ స్థితిని పీటర్ డెనింగ్ 1968లోనే వివరించియున్నాడు. పింగునకు బదులు వచ్చుచు, డిస్కు దీపము ఆరక వెలుగుచున్నచో దీనినే తలంపవలెను. సర్వరులో నడచు ప్రతి ప్రోగ్రాము కంటెయినరునకును మెమొరీ పరిమితి విధించుట, ఓపెన్ జడ్‌ఎఫ్‌ఎస్ ఫైలు వ్యవస్థ తన క్యాషీకై వాడుకొను మెమొరీకి హద్దు నిర్ణయించుట దీనికి చికిత్సలు.

నిర్ధారణ

ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేయవలెననుట సర్వవిదితము. ఆ మార్పు ఫలించినదని ఎప్పుడు నమ్మవలెనో మాత్రము పలువురెరుగరు. స్తంభనములు యాదృచ్ఛికముగా, సగటున పది దినములకొకసారి కలుగుచున్నవనుకొందము. ఏ చికిత్సయు చేయకున్నను పది దినములు నిశ్చింతగా గడచుటకు నూటికి 37 పాళ్లు అవకాశము గలదు. ముప్పది దినములు గడచుటకు 5 పాళ్లు మాత్రమే. అనగా సగటు వ్యవధికి మూడు రెట్లు కాలము స్తంభనము లేక గడచిన పిమ్మటనే దోషము తొలగినదని చెప్పదగును. వారము దినములు బాగుగ నడచినదని చాటి, పవర్ సప్లైని కీర్తించి, పదునొకండవ నాడు మరల స్తంభనము కలుగగా దిక్కుతోచక నిలుచుటకు ఈ లెక్క నెరుగకపోవుటయే కారణము. ఈ దీర్ఘ నిరీక్షణను తగ్గించు మార్గము, స్తంభనమును త్వరితము చేయు పరిస్థితిని కనుగొనుట: నిద్రాదోషమైనచో యంత్రమును ఊరక వదలుట, విద్యుద్దోషమైనచో డిస్కులన్నింటిని ఒక్కసారి పని చేయించుట, మెమొరీ దోషమైనచో వెచ్చని గదిలో నడపుట. 1997 జులై 4న అంగారకునిపై దిగిన పాత్‌ఫైండరు నౌకలోని కంప్యూటరు తరచు తనంత తాను పునఃప్రారంభమగుచుండగా, ఇంజనీర్లు భూమిపైనున్న దాని ప్రతిరూపమున అవే పరిస్థితులను కల్పించి, కార్యక్రమముల జాడను నమోదు చేసి, తక్కువ ప్రాముఖ్యము గల పని యొకటి ఎక్కువ ప్రాముఖ్యము గల పనిని అడ్డగించుటను పట్టుకొనిరి. కోట్ల మైళ్ల దూరమునందలి యంత్రమున లోపము ఈ విధముగానే దొరకినది.

ఆ నౌకను ప్రతిసారియు తిరిగి లేపినది వాచ్‌డాగు అను గడియారము. అది ఇంటి బోర్డులలోను గలదు. నియమిత కాలములో కెర్నెలు నుండి సంకేతము రానిచో యంత్రమును బలవంతముగా పునఃప్రారంభించును. రాస్ప్‌బెర్రీ పైలో ఆ కాలము గరిష్ఠముగా 15 సెకన్లు. శోధన సాగుచుండగా దీనిని నియమించుట వలన రోగము కప్పబడునని కొందరు వలదందురు. కాని నెట్‌కన్సోలు సాక్ష్యమును నమోదు చేయుచున్నంతవరకు ఆ అభ్యంతరము నిలువదు, యజమాని ఊరిలో లేనప్పుడు సర్వరును తిరిగి నడపునది ఇదియొక్కటే. సప్లైని, ర్యామును, కేబులును మార్చి, నిద్రాస్థితులను పరిమితము చేసి, బయాసును నవీకరించి, మూడురెట్ల నిరీక్షణము జరిపిన తరువాతను స్తంభనము మానకున్నచో మిగిలినవి బోర్డు, ప్రాసెసరులు రెండే; వానిలో బోర్డును ముందుగా మార్చవలెను, ఏలన పైన పేర్కొన్న తరములను మినహాయించినచో ప్రాసెసర్లు చెడుట బోర్డులు చెడుటకంటె చాల అరుదు. బోర్డును మార్చునప్పుడు డిస్కులు ఏ క్రమమున తగిలియున్నవో కాగితముపై వ్రాసికొని, పాత బోర్డులోని రెయిడు చిప్పుపై ఆధారపడిన అమరిక యున్నచో ముందుగా దత్తాంశమునకు ప్రతి తీసికొనవలెను. జడ్‌ఎఫ్‌ఎస్, ఎండీ రెయిడు వంటి సాఫ్ట్‌వేరు అమరికలు మాత్రము క్రొత్త బోర్డుపై తమ డిస్కులను తామే గుర్తుపట్టును.